వాము పువ్వు

పొద్దంత చండూరు దవాఖానల
ప్లేట్‌లెట్లు లెక్కవెట్టి
పొద్దుగూకినంక మేడ మీద
నల్లులు లెక్కవెడ్త.

నాలుగు పెట్టెలే నావి.
కాళ్ల కింద నీళ్ల గిన్నెలు, చీమలెక్కకుండ.
"జీతం సాలక ఈగల్ని మేపుతున్నవా మేడం?"
అంటడు మందుల కిటికీ కాడి మల్సూర్.
అంటనే ఉంటడు,
సీసా ఎప్పుడిస్తవని అడుగుతనే ఉంటడు.

గాజు సీసా. మూతకు జాలి.
పిల్లలున్న చట్రం మీంచి అరకప్పు ఈగలు,
మూడు వందలని ఒక అందాజ.
రాణి అందుల లేదని
రెండు సార్లు చూసుకున్నంకనే.
చక్కెర పొడి రెండు చెంచాలేసి
మెల్లగ దొర్లిస్త.
తెల్లగయితయి. కోపానికి సీసా వేడెక్కుతది.
తెల్ల పళ్లెంల బోర్లిచ్చి జాడిస్తె
చక్కెర రాలుతది,
చక్కెరల ఎర్రటి చుక్కలు నడుస్తయి.

ఒకటి, రెండు, ఏడు
పదకొండు.
తొమ్మిది దాటితె మందు.
దవాఖానల నేను రాసే అంకెకు
ఎవరో ఒకరు నల్లగొండకు బండి మాట్లాడుకుంటరు.
ఈ అంకెకు నేనే డాక్టర్ని, నేనే ఆయాను,
బయట బెంచీ మీద కూసున్న మనిషిని గూడ నేనే.

ఎన్క బత్తాయి తోట జానయ్య
ఎర్రనల్లికి మందు కొట్టుడు ఆపి అడిగిండు:
"నీది గూడ నల్లేనా బిడ్డా?"
"పిడుదు లెక్క" అన్న.
"ఎంతుంటది?"
"మన వంటికైతె జొన్నరొట్టెంత,
వీపుకు కరుసుకోని."
కొంచెం సేపు వీపు గోక్కున్నడు.

మగపిల్లల గదులంటె దానికి పాణం.
మూత పడే ముంగట దూరి
పిల్లకు పోసిన మేత అడుగున మునిగి కూసుంటది.
చీకటయినంక ముందొక కొడుకును కంటది,
ఆ తర్వాత అందరు బిడ్డలే.
పెండ్లిళ్లు ఆ గదిలనే అయిపోతయి.
బయటికొచ్చి బతికేటివన్ని తల్లులే.
నా పళ్లెంల పదకొండు తల్లులు.
ఈ సంగతి తెలిసిన రాత్రి
అన్నం సగంల లేచిన.

మందేందంటె, వాము పువ్వు.
గడియారం కాడి ఆయుర్వేదం దుకాణంల
పొట్లం గట్టిచ్చిన పలుకులు,
చూస్తె పటికబెల్లం, నాలుకకు తగిలితె నిప్పు.
ఎండకాలం పెట్టొద్దు.
మన ఎండకు ఒక్కసారే ఆవిరయి
రాణి గూడ ఇల్లిడిచి పోతది.
వానలు తగ్గేదాక ఆగిన.
అంతదాక మగపిల్లల గదులు చాకుతోని కోసుడే.
కోసిన రోజు ఎవరికీ చెప్పలె.
తెల్లటి పిల్లలు, కండ్లు అప్పుడప్పుడే
ఊదారంగు తిరుగుతున్నయి.
కోళ్లకేసిన. కోళ్లు ఎగబడ్డయి.

నిన్న మాపటికి
గుడ్డ మడతల పలుకులు చట్రాల మీద పెట్టి మూతేసిన.
గడియ సేపట్ల పెట్టె లోపలి నుంచి
బాలింత గది వాసనొచ్చింది.
నా బిడ్డ పుట్టినప్పుడు
మా ఎల్లవ్వ కుంపట్ల చల్లిన వాము.
తల్లిని లేపి నిలవెట్టే వాసనే
తల్లుల్ని రాలుస్తదా?
ఈగలు వాకిట్ల బారులు గట్టి
రెక్కలతోని విసురుతున్నయి,
వాసననంత బయటికి నూకుతున్నయి
నా మొఖం మీదికే.

తెల్లారి అడుగు అట్ట గుంజిన.
ఆముదం రాసిన కాయితం మీద
నూట ముప్పై దాక లెక్కవెట్టి ఆపిన.
డ్యూటీ యాళ్లయింది.

గడప మీద ఒక ఈగ.
రెక్కలు కాలిన కాయితం లెక్క ముడుసుకపోయి
ఎగరబోతది, పడ్తది, నడుస్తది.
మర్రిగూడ నుంచి వచ్చే ముసలోళ్ల మోకాళ్లు
యాదికొచ్చినయి,
నీళ్లు తాగినందుకే వంగిన బొక్కలు.
నల్లి రాలింది గని
అది చేసిపోయింది రెక్క మీదనే ఉన్నది.
తోటి ఈగొకటి వచ్చి
దాని కాలు వట్టి గుంజుకపోయి
మేడ అంచు మీంచి ఇడిచిపెట్టింది.
నేను ఆపలె.

"తేనె?" అన్నడు మల్సూర్.
"ఈ తడవ లేదు, మందు మీద ఉన్నయి."

చేతులు రెండు సార్లు కడిగిన.
అయినా రక్తం తీస్తుంటె
జరమొచ్చిన పిల్ల నా వేళ్ల దిక్కు వంగి
"మేడం, మీ ఇంట్ల బాలింత ఉన్నదా?" అని అడిగింది.
"ఉన్నది" అన్న,
పిడికిలి బిగియ్యమని చెప్పి.